బావమరిది ఎండబెట్టిన వయొలిన్

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. విజయనగరంలో పాతికేళ్లుగా వయొలిన్ నేర్పుతున్నాను. శ్రుతి తప్పితే పిల్లల మీద అరుస్తాను. అరిచాక బాధపడతాను. బాధపడ్డానని మాత్రం ఒప్పుకోను. మా నాన్నదీ ఇదే వాద్యం, ఇదే కోపం.

మొన్నటి శ్రావణంలో ఓ సాయంత్రం పాఠం చెప్పి స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాను. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. కుక్క అడ్డం వచ్చింది, బ్రేకు వేశాను. ఆ తర్వాత గుర్తున్నదల్లా ఆటోలో ఎవరో పెద్దాయన నా తల ఒళ్లో పెట్టుకుని "ఏటీ అవ్వదు నాయనా, ఏటీ అవ్వదు" అంటూ ఉండటం. కుడివైపు కాలర్ బోను విరిగింది. ఎడమ మణికట్టు నుజ్జయింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు, స్క్రూలు వేశారు.

డాక్టరు మంచివాడే గానీ అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "ఎముక అతుక్కుంటుందండీ, దానికి పూచీ నాది. వేళ్లు ఎంతవరకు వంగుతాయో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. వయొలిన్ మెడ పట్టుకునేది ఎడమ చెయ్యి. తీగల మీద స్వరాలు పలికించేవి ఆ చేతి నాలుగు వేళ్లు. అందులో చిటికెన వేలు అన్నిటికన్నా బలహీనం, దాన్ని పనిలోకి దించడానికి చిన్నప్పుడు నాకు ఏళ్లు పట్టింది. అందుకే దాని సంగతి విడిగా అడిగాను. ఆయన ఫైలులో ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు. వాయించడం తప్ప నాకు మరో పని రాదు.

ఇంటికి వచ్చాక మిగతా కష్టాలు తెలిశాయి. రెండు చేతులూ కట్లలోనే. గ్లాసు ఎత్తలేను, ముక్కు గోక్కోలేను, లుంగీ జారితే చూస్తూ ఊరుకోవాలి. నా భార్య బళ్లో టీచరు. పెట్టగలిగినన్ని రోజులు సెలవు పెట్టి, ఇక కుదరక, తన తమ్ముడికి ఫోన్ చేసింది. అతనిది కోటబొమ్మాళి దగ్గర పల్లె, వరి వ్యవసాయం. నేను వద్దంటే వద్దన్నాను. ఆవిడ నా మాట విననట్టే ఫోన్‌లో మాట్లాడుకుంది.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. వాళ్లు రైతులు, మేము తరతరాలుగా గుళ్లో వాయించినవాళ్లం. ఈ ఇరవై ఏళ్లలో అతను మా ఇంటికి చాలాసార్లు వచ్చాడు. బియ్యం బస్తా దించి, అక్కను పలకరించి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. అతనితో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే మాట్లాడవలసింది ఉందని కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే సంచితో దిగాడు. "ఊడుపులు అయిపోనాయి బావా. పొలంలో నీరు సూసుకోడానికి నా పెళ్లాం ఉన్నాది. కోతలదాకా నాకేటి పని? నేనుంటాను" అన్నాడు. అక్క వైపు తిరిగి, "నువ్వు బడికెళ్లప్పా, బావని నేను సూసుకుంటాను" అన్నాడు. ఇక నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

పొద్దున్నే చోడిపిండి అంబలి, మధ్యాహ్నం అన్నం. అతను పెట్టే ముద్ద నా పిడికిలంత ఉండేది. "నేను మనిషినిరా, నీ దూడని కాను" అని విసుక్కునేవాణ్ణి. "దూడైతే ఈపాటికి తినీసి పడుకునును" అనేవాడు. మొదటిరోజు స్నానం చేయిస్తుంటే సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. అతను నీళ్లు పోస్తున్నంతసేపూ కాలవ నీళ్ల గురించి, గట్టు తెగ్గొట్టిన పక్క పొలంవాడి గురించి ఒకటే చెప్పుకుపోయాడు. మూడో రోజుకి నేనే "ఆ గట్టు సంగతి ఏమైంది?" అని అడిగాను. సిగ్గు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

పలకరించడానికి జనం వచ్చేవారు. బ్రెడ్డు, యాపిల్ పళ్లతో పాటు తలా ఒక కథ కూడా తెచ్చేవారు. ఎవరి చెయ్యో ఎలా ఎండిపోయిందో, ఎవరి వేలు కొయ్యలా ఎలా మిగిలిపోయిందో వివరంగా చెప్పేవారు. రెండు రోజులు విన్నాక మా బావమరిది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నిద్దరోతన్నాడండీ" అనేవాడు, లోపల నేను టీవీ వాల్యూం తగ్గించమని అరుస్తున్నా సరే.

ఆరు వారాలకి కట్లు విప్పారు. కుడి చెయ్యి బుద్ధిగా మాట వింది. ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు సగంలో ఆగిపోయేవి. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి రోజంతా పిసకమంది. నాలుగు రోజులు పిసికి ఐదోరోజు దాన్ని కిటికీలోంచి విసిరేశాను. బావమరిది వెళ్లి తెచ్చి, కడిగి, బల్ల మీద పెట్టాడు.

ఆ వారం ఊరెళ్లి వస్తూ ఒక కట్ట గోగునార తెచ్చాడు. మా వైపు గోగు పండించి, ఆ నార తీసి తాళ్లు పేనుకుంటారు. "నాకు పలుపులు కావాలి బావా, ఒక్కణ్ణీ పేనలేను. నువ్వు కొస పట్టుకుని నార అందించు, సాలు" అన్నాడు. కొస పట్టుకోవడమంటే వేళ్లన్నీ బిగించాలి. కాస్త సడలితే పురి విడిపోయేది. అప్పుడతను నా మీద అరిచేవాడు, నేను పిల్లల మీద అరిచినట్టే. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, బంతి కన్నా ఇదే మేలు, ఆపకండి అంది. అరచేతులు మంటపుట్టేదాకా పేనేవాళ్లం. ఆయన గారి గేదెలకి ఎన్ని పలుపులు కావాలో అడగడం నేను ఎప్పుడో మానేశాను.

తర్వాత చెకప్‌కి వెళ్తే డాక్టరు, "ఇక వాయించి చూడండి" అన్నాడు. ఇంటికొచ్చి నా భార్యతో, ఇంకో నెల ముట్టుకోవద్దన్నారని చెప్పాను. శుద్ధ అబద్ధం. వాయించి చూడనంత కాలం వాయించలేనని తేలదు కదా! వయొలిన్ పెట్టె గదిలో మూలన ఉండేది. అటు చూడకుండా తిరగడం అలవాటు చేసుకున్నాను. మూతపెట్టిన పెట్టె చూసి భయపడటం ఏమిటని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి, అయినా తెరిచేవాణ్ణి కాదు.

ఒకరోజు మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే పెట్టె తెరిచి ఉంది. లోపల వయొలిన్ లేదు.

దాబా మీదకి పరిగెత్తాను. వానలు వెనకబట్టిన తర్వాత కాసే ఎండ, నేల కాలిపోతోంది. టార్పాలిన్ మీద తలగడలు, పక్కన చింతపండు, ఆ పక్కన బోర్లా పడుకుని మా నాన్న వయొలిన్. పక్క చెక్క అతుకు విడిపోయింది. తీగలు వదులై వాటిని మోసే బ్రిడ్జి ఊడిపడింది. బావమరిది కొంచెం దూరంలో కూర్చుని కాకులను తోలుతున్నాడు.

"పెట్టంతా ముక్క వాసనొస్తంది బావా. సూస్తే బూజు పట్టీసి ఉన్నాది. ఎండలో పెడితే పోతాదని తెచ్చినాను. మజ్జాన్నం తిరగేసినాను కూడా, రెండో పక్కా ఎండాల కదా" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వంగి వయొలిన్ లాక్కుని గుండెకి హత్తుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. "బుద్ధుందా నీకు? ఇదేమైనా మీ ఇంటి ధాన్యమా? మట్టి పిసుక్కునేవాడికి దీని విలువ ఏం తెలుసు!" అన్నాను. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకునే దారి లేదు.

అతను లేచి నిలబడ్డాడు. కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. కానీ అతను నా మొహం చూడటం లేదు.

"తిట్టు బావా, ఎంత తిట్టినా తప్పు నేదు. గాని ముందు నీ సెయ్యి సూసుకో."

చూసుకున్నాను. వయొలిన్ మెడ నా ఎడమ చేతిలో ఉంది. నాలుగు వేళ్లూ వంగి తీగల మీద ఆని ఉన్నాయి. చిటికెన వేలు కూడా. విప్పాను. మళ్లీ మూశాను. మళ్లీ ఆనింది. అక్కడే కూలబడ్డాను. చింతపండు మీద కూర్చున్నానని తర్వాత తెలిసింది. ఏడుపు ఆగలేదు. రెండు నెలల భయం ఒక్కసారిగా దిగిపోతుంటే ఏడవడం ఎంత హాయిగా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. అతను నా పక్కనే కూర్చుని కాకులను తోలుతూ ఉండిపోయాడు.

ఇందులో వింతేమీ లేదు. పలుపులు పేని పేని వేళ్లు ఎప్పుడో దారికొచ్చాయి, చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది, అంతే. వయొలిన్‌ని మాత్రం బాగుచేసేవాడికి ఇవ్వవలసి వచ్చింది. అతుకులు వేస్తూ ఆయన, ఇంకో నెల పెట్టెలోనే ఉంటే బూజుకి చెక్కే పాడయ్యేదని చెప్పాడు. ఆ మాట బావమరిదికి చెబుదామనుకునేసరికి అతను కోతలకి ఊరెళ్లిపోయాడు.

వయొలిన్ ఇంటికొచ్చిన వారానికి నేనూ నా భార్యా పాసింజరు బండెక్కి కోటబొమ్మాళిలో దిగాం. అతని ఇంటి అరుగు మీద కూర్చుని ముందు క్షమాపణ చెప్పాను. నా నోటికి అలవాటులేని మాట, సరిగ్గా పలికిందో లేదో. అతను, "ఏటి బావా, అప్పుడు నువ్వు కళ్లం తొక్కి తొక్కి ఇసిగిపోయిన ఎద్దులాగ ఉన్నావు, నీ మాట ఎవరు లెక్కెడతారు" అన్నాడు.

"నా వాయింపు ఎప్పుడైనా విన్నావా?" అని అడిగాను.

"ఎందుకినలేదు? మీ ఇంటికొచ్చినప్పుడల్లా వీధిలో నించుని ఇనీవోణ్ణి. నువ్వు సూసీవోడివి కావు."

పెట్టె తెరిచి శ్రుతి చేసుకున్నాను. కళ్లంలోంచి వచ్చినవాళ్లు చేతుల దుమ్ము దులుపుకుని చుట్టూ కూర్చున్నారు. వాయించాను. రెండుచోట్ల స్వరం జారింది, ఒకచోట కమాను వణికింది. పిల్లలెవరైనా అలా వాయిస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరిచి ఉండేవాణ్ణి. ఆరోజు నామీద నాకే కోపం రాలేదు. ముగించి అతని వైపు చూశాను. బాగుందంటాడని ఎదురుచూశాను, దాచుకోవడం ఎందుకు.

అతను తీగల వైపే చూస్తున్నాడు.

"పాట బాగున్నాదో నేదో నాకు తెల్దు బావా" అన్నాడు. "నేను ఆ సిటికెనేలునే సూస్తన్నాను. ఒక్కపాలి కూడా ఎనకాడలేదు."