చెప్పి వెళ్ళండి

మిషన్ ఇంట్లో వంటామెను పిల్లలు చాటుగా మిరపకాయ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి శాయశక్తులా పాటుపడేది కూడా. భర్త పోయిన ఏడాది ఆ వంటింట్లో అడుగుపెట్టింది. పొయ్యితో పాటు గేటు తాళంచెవి కూడా ఆమె చేతికే వచ్చింది. అప్పటినుంచి సేవ చేస్తామంటూ సముద్రాలు దాటి వచ్చిన కుర్రకారులో ఎంతమందికి వండిపెట్టిందో లెక్కలేదు. ఒక్కరి మీదా ఆమెకు సదభిప్రాయం లేదు.

కొత్తగా వచ్చిన చిన్నయ్యగారి మీద మరీ లేదు. గడ్డం కూడా సరిగా రాని కుర్రవాడు. పొద్దున్న వరండాలో పిల్లలకు చదువు చెప్పేవాడు, మధ్యాహ్నం పుండ్లు కడిగి కట్లు కట్టేవాడు, సాయంత్రం మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నీళ్ళు మోసేవాడు. అతణ్ణి చూడగానే వీధిలో సగం తలుపులు మూసుకునేవి. వచ్చీరాని మాటలతో పలకరిస్తే అంగళ్ళవాళ్ళు మొహం మీదే నవ్వేవారు. మిరపకాయ నవ్వేది కూడా కాదు. అతని కూరలో మాత్రం ఉప్పు గుమ్మరించేది. అతను కిమ్మనకుండా తిని, చెంబెడు నీళ్ళు తాగి, బాగుందమ్మా అని లేచేవాడు. దాంతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ కోపం ఊరికే పుట్టలేదు. ఆ మిషన్‌లో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళను కొన్నాళ్ళకు వేరే చోటికి మారుస్తారు, మార్చేటప్పుడు ఎవరికీ చెప్పనివ్వరు. ఏడుపులూ పెడబొబ్బలూ ఉండకూడదని తెల్లవారకముందే కారెక్కించి పంపేస్తారు. వెనకటి టీచరమ్మ అలాగే వెళ్ళింది. ముందురోజు మిరపకాయ మనవరాలికి జడ వేసి, రేపు కలుద్దామని చెప్పి మరీ వెళ్ళింది. తల్లి లేని పిల్ల అది. మర్నాటి నుంచి పలక పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. ఎండొచ్చినా వానొచ్చినా లేవనంది. తర్వాత చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురు పోయిన కడుపుకోత ఒక ఎత్తు, నోరు విప్పని ఆ పిల్లను సాకడం ఒక ఎత్తు. ఇంకోసారి ఆ దెబ్బ తగిలితే పిల్ల దక్కదని మిరపకాయ భయం.

అందుకే కొత్తాయన దగ్గరికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతానని మనవరాలికి చెప్పింది. పిల్ల వింటేనా! ముందు స్తంభం చాటున నిలబడింది, తర్వాత చాప చివర కూర్చుంది, చివరికి అతని మాటల్లో తప్పులు దిద్దుతూ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వంటింట్లోకి వినబడి మిరపకాయ చేతిలో గరిటె ఆగిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియక, ఆ పూట ఉప్పు ఇంకాస్త వేసింది.

ఒక సాయంత్రం డ్రైవరు కారు కడిగి, చక్రాలకు గాలి కొట్టించుకొచ్చాడు. చిన్నయ్యగారు అన్నం కెలికి వదిలేశాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషికి ఇంక వేరే చెప్పాలా? గేటుకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని పడుకుంది.

తెల్లవారుజామున అతను పెట్టెతో వచ్చేసరికి ఆమె గేటుకు ఆనుకుని కూర్చుని ఉంది. తాళం తియ్యమ్మా అన్నాడు అతను.

“తియ్యను. నా మనవరాలు లేచాక దాని మొహం చూసి చెప్పి వెళ్ళండి.”

అది నియమానికి విరుద్ధమని, మిషన్ నడిపే పెద్దయ్యగారు ఊరుకోరని అతను నసిగాడు. చెబితే పిల్ల ఏడుస్తుందన్నాడు.

“ఏడవనివ్వండి. చచ్చిపోయిన తల్లి కోసం ఏడ్చి ఊరుకుంది. చెప్పకుండా పోయినామె కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఏడుపు చూసే ధైర్యం మీకు లేదు బాబూ. దానికి నియమమని పేరు పెట్టుకున్నారు.”

అతను వెనక్కి వెళ్ళి, పెట్టె దించి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మిరపకాయ కూడా వెనకే వెళ్ళి స్తంభం దగ్గర కాపలా నిలబడింది.

వెలుగొచ్చాక పిల్ల కళ్ళు నులుముకుంటూ వచ్చింది. పెట్టెను చూసింది, అతణ్ణి చూసింది. ఇతనూ రేపు కలుద్దామంటాడేమోనని మిరపకాయ బొడ్లో తాళంచెవి తడుముకుంది.

“నేను వెళ్ళిపోతున్నాను. మళ్ళీ రాను,” అన్నాడు అతను.

పిల్ల ఏడవలేదు. లోపలికి వెళ్ళి పలక తెచ్చుకుని పక్కన కూర్చుంది. “నిన్నటి పాఠం సగంలోనే ఉంది,” అంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. అతను లేవబోయి, ఆగి, పలక ఒళ్ళోకి తీసుకున్నాడు. మిరపకాయ విసవిసా కారు దగ్గరికి నడిచింది.

“పాఠం జరుగుతోంది. ఇంకోసారి మోగించావంటే సాయంత్రం దాకా గేటు తియ్యను,” అంది.