మాస్టారి రెండు పడవలు

2001లో నన్ను మా ఇన్సూరెన్స్ కంపెనీ గుడివాడ బ్రాంచి నుంచి మచిలీపట్నం బ్రాంచికి డెవలప్‌మెంట్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. అంటే ఏజెంట్లకు పైవాడు, మేనేజరుకు కిందివాడు, టార్గెట్ తప్పితే ఇద్దరికీ లోకువ. దివిసీమకు మెడిక్లెయిమ్ అనే ఆరోగ్య బీమా తెచ్చింది నేనేనని, ఇంటింటా పాలసీ చేయించానని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. నిజానికి మొదటి ఏడాది దొరికింది ముగ్గురే. అందులో ఒకడు మా బావమరిది.

ఇంకొకరు కోడూరులో పనిచేసే లెక్కల మాస్టారు. ప్రభుత్వోద్యోగి వైద్యం ఖర్చును ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. దాన్నే రీయింబర్స్‌మెంట్ అంటారు. అయితే ముందు మన చేతి నుంచి కట్టుకోవాలి, ముందుగా అనుకున్న ఆపరేషనైతే అనుమతి కూడా రావాలి. మా పాలసీలో అప్పుడప్పుడే క్యాష్‌లెస్ వచ్చింది. మా జాబితాలోని ఆసుపత్రిలో కార్డు చూపితే బిల్లు కంపెనీయే కడుతుంది.

2003 వానాకాలంలో మాస్టారి భార్య అన్నపూర్ణమ్మగారికి పిత్తాశయంలో రాళ్లని తేలింది. చీము పట్టేలా ఉంది, వారం దాటనివ్వద్దని విజయవాడ డాక్టరు చెప్పారు. మాస్టారేమో అనుమతి కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారని ఏజెంటు కబురు చేశాడు. చల్లపల్లిలో బస్సు మారి వెళ్లాను.

ఆవిడ వసారాలో కుడి డొక్క పట్టుకుని పడుకుని ఉన్నారు.

"మీ కార్డు వాడితే గవర్నమెంటు హక్కు పోతుందండీ," అన్నారు మాస్టారు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏట్లో పడతాడు."

"పోదండీ. ఒకే ఖర్చుకి రెండుసార్లు తీసుకోకూడదు, అంతే. మేం కట్టగా మిగిలింది వాళ్లని అడగొచ్చు," అన్నాను, ఆ రూలు నేనే రాసినంత ధీమాగా.

"రాసిస్తారా?"

మా నిబంధనలు నాకు తెలుసు. విద్యాశాఖ ఏమంటుందో తెలియదు.

"అన్నయ్యగారూ," అన్నారావిడ మంచం మీంచే, "ఏరు దాటాల్సింది నేను. ఈయనేమో ఒడ్డున నిలబడి పడవలు లెక్కపెడుతున్నారు. లెక్కల మాస్టారు కదా. ముందు నన్ను ఏదో ఒకటి ఎక్కించమనండి."

మాస్టారు లోపలికెళ్లి కార్డు తెచ్చారు. మర్నాడు విజయవాడలో చేర్చారు, ఆపరేషన్ జరిగింది. ఇంకొంచెం ఆగితే పగిలేదన్నారు సర్జను. అనుమతి కాగితం కుట్లు విప్పాక వచ్చింది. కంపెనీ కట్టగా మిగిలిన గది అద్దెకు, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల నకళ్లు జతచేసి అడిగితే, శాఖవారు రెండుసార్లు తిప్పిపంపి చివరకు ఇచ్చారు.

నా ఒక్క మాటతో ఆపరేషన్ జరిగిందని చాలాచోట్ల చెప్పాను. జరిగింది ఒక్క మాటతోనే, కాని అది నా మాట కాదు.

రెండు రకాల రక్షణ ఉన్నవాళ్లు ఒంట్లో బాగున్నప్పుడే ప్రభుత్వ, కంపెనీ జాబితాలు రెండింటిలోనూ ఉన్న ఆసుపత్రి ఏదో చూసి పెట్టుకోవాలి. వేళ వచ్చాక, ముందు ఏది అందితే అది వాడాలి. హక్కుల సంగతి ఇంటికొచ్చాక తేల్చుకోవచ్చు. ఇది నా సొంత అనుభవసారమని నా రిటైర్మెంటు సభలో గంభీరంగా చెప్పాను. ముందు వరుసలో మాస్టారు చప్పట్లు కొట్టారు. పక్కన అన్నపూర్ణమ్మగారు కొట్టలేదు, నవ్వారు.