కింది వాటాకు ఇచ్చిన కోళ్ళు

నాచారంలో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒకావిడ ఉండేది. జనగామ వైపు మనిషి. భర్త పోయాక ఇక్కడికొచ్చి, ఒక ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తూ ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. నేను మందుల కంపెనీలో పనిచేస్తానని ఆవిడకి తెలుసు. కోళ్ళ మందులని కూడా తెలుసు. మందులంటే మంచి పనే కదా అనుకునేది. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

నా పనల్లా ఉప్పల్ దాటి కీసర వైపు బ్రాయిలర్ ఫారాలు తిరగడం. కోళ్ళు మందకొడిగా ఉన్నాయని రైతు ఫోన్ చేస్తే వెళ్ళి, తాగే నీళ్ళలో ఏ మందు ఎంత కలపాలో చెప్పేవాణ్ణి. జబ్బు చేసినవి నాలుగైతే మందు తాగేది షెడ్డంతా. అసలు ఏ జబ్బూ లేకపోయినా తాగేవి, రేపు రాకుండా ఉండాలని. మాంసంలో మందు మిగలకుండా కోతకు ఇన్ని రోజుల ముందు దాన్ని ఆపెయ్యాలని డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదివిన రైతుని నేను చూడలేదు. చదివి వినిపించాల్సినవాణ్ణి నేనే, నేనూ వినిపించలేదు. "రేపే కోళ్ళు పట్కపోయే బండొస్తది సార్" అని రైతు అంటే, ఆ పొద్దున కూడా కోళ్ళు మందు నీళ్ళే తాగాయని తెలిసి, "సరేలే" అని నా బండి స్టార్ట్ చేసేవాణ్ణి. నా టార్గెట్ నాది!

షెడ్డులోకి అడుగుపెడితే కళ్ళు మండేవి. పెంట ఘాటు గొంతులో దిగి కూర్చునేది. కింద పరిచిన ఊక కనిపించనంత కిక్కిరిసి ఉండేవి కోళ్ళు. ఆగకుండా తినాలని రాత్రంతా లైట్లు వేసే ఉంచేవారు. నలభై రోజులు నిండని పిల్లలు అవి, ఒళ్ళు మాత్రం అంతంత. ఆ బరువు మొయ్యలేక కాళ్ళు వంకరపోయి, రొమ్ము మీద ఈకలు ఊడి చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి, నీళ్ళ దాకా దేక్కుంటూ వెళ్ళేవి. మొదట్లో చూడలేకపోయేవాణ్ణి. రెండేళ్ళకి అలవాటైపోయింది. అలవాటైందని రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఫారం నుంచి మందులాయన్ని ఉత్త చేతులతో పంపరు, అదొక మర్యాద. "ఇంటికి రెండు కోళ్ళు పట్కపోండ్రి సార్" అని కాళ్ళకి తాడు కట్టి బండికి తలకిందులుగా తగిలించేవారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అందుకని తెచ్చేవాణ్ణి. కానీ మా ఇంట్లో బ్రాయిలర్ వండం. ఆ మాట పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడకి గట్టిగా చెప్పింది నేనే. ఆదివారం ఉప్పల్ వెళ్ళి నాటుకోడి తెచ్చుకునేవాళ్ళం. మరి బండికి వేలాడే ఈ రెండింటినీ ఏం చెయ్యాలి? మెట్లెక్కే ముందు కింది వాటా తలుపు కొట్టేవాణ్ణి.

"అయ్యో, మళ్ల తెచ్చిన్రా అన్నా! ఒకటన్న మీకుంచుకోండ్రి."

"మాకున్నాయమ్మా, నువ్వు తీసుకో."

దుకాణంలో కోడి కన్నా ఫారం కోడి తాజా అని మురిసిపోయేది. కంపెనీలో తోటివాళ్ళకి కూడా చెప్పుకునేదట, పైన ఉండే అన్న సొంత చెల్లెలిలా చూసుకుంటాడని. ఛీ, ఆ మాట విని నేను కాస్త పొంగిపోయాను కూడా.

ఒకసారి తాడు విప్పగానే ఒక కోడి అక్కడే కూలబడింది.

"గిదేంది అన్నా, నిలవడ్తలేదు?"

"బండి మీద వచ్చింది కదా, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి" అన్నాను.

ఆవిడ పాపం అనుకుంటూ మూతలో నీళ్ళు పోసి దాని ముందు పెట్టి, ఆ వంకర కాళ్ళని వేళ్ళతో మెల్లగా రుద్దింది. నేను పైకి వెళ్ళిపోయాను.

తర్వాత కూతురు తొలి కాన్పుకని పుట్టింటికొచ్చింది. ఇక ఆవిడే అడగడం మొదలుపెట్టింది. "పిల్లకు జర బలం గావాలె అన్నా, ఫారం దిక్కు పోతే యాదుంచుకోండ్రి." నేను ఇంకా తరచుగా తెచ్చాను. మా ఆవిడ ఊరుకోలేకపోయింది.

"కడుపుతో ఉన్న పిల్లండీ. ఇవ్వడం మానెయ్యండి, లేదా ఉన్న మాట చెప్పండి."

"ఊరంతా తింటోంది, ఈ పిల్లకే ఏదో అయిపోతుందా?" అని కసిరాను. ఎదుటివాళ్ళు నిజం చెప్తే నాకు వచ్చే కోపం అలాగే ఉంటుంది.

ఏడో నెలలో ఆ పిల్లకి జ్వరం, మూత్రంలో మంట. డాక్టర్ ఇచ్చిన మాత్రలకి తగ్గలేదు. మార్చి ఇచ్చారు, అయినా తగ్గలేదు. పరీక్ష చేయించారు. ఆ సాయంత్రం ఆవిడ రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"డాక్టరమ్మ చెప్పింది సగం సమజ్ కాలే. మీరు మందులోళ్ళు గదా, జర సూడుండ్రి."

కాగితం మీద వరసగా మందుల పేర్లు. ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో ఎదురుగా ఒక అక్షరం. పై నుంచి కిందికి దాదాపు అన్నీ పనిచెయ్యనివే. చివర మిగిలినవి రెండు, అవి దవాఖానాలో ఉంచి ఎక్కించే ఇంజెక్షన్లు. పనిచెయ్యని ఆ పేర్లలో సగం నేను రోజూ నీళ్ళలో కలపమని చెప్పే మందుల రకాలే. రోజూ మందు తాగే కోళ్ళలో ఆ మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి, మాంసంతో పాటు అవి వంటింటికీ వస్తాయి. ఆ జబ్బు నా కోళ్ళ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేదు, చెప్పలేరు కూడా. కాదని కూడా ఎవరూ చెప్పలేరు కదా.

"పిల్లకు, కడుపుల బిడ్డకు ఏం గాదు గదా అన్నా?"

"ఇంజెక్షన్లకి తగ్గుతుందమ్మా. రేపే చేర్పించు."

"దవాఖానాల ఉన్నన్ని దినాలు సూపు జేసి పట్కపోత. రేపు ఫారంలకెల్లి రెండు కోళ్ళు తెండ్రి."

ఆ మాటతో నా వల్ల కాలేదు.

"వద్దమ్మా. ఆ కోళ్ళు పిల్లకి పెట్టకు."

ఎందుకని అడిగింది. చెప్పాను. నీళ్ళలో మందు సంగతి, ఆపాల్సిన రోజులు ఆపకపోవడం, ఆ రోజు కూలబడ్డ కోడిది తిమ్మిరి కాదని, అన్నీ తల దించుకుని చెప్పాను.

"మీరు తినరా అన్నా?"

"తినం."

"ఎన్నడు తినలే?"

"లేదమ్మా."

"మరి మాకెందుకిచ్చిన్రు?"

రైతులు నొచ్చుకుంటారనో, బాగా ఉడికిస్తే ఏం కాదనుకున్నాననో ఏదైనా అనొచ్చు. అనలేదు.

"పారెయ్యబుద్ధి కాలేదమ్మా" అన్నాను. అదే నిజం.

ఆవిడ రిపోర్టు నాలుగు మడతలు పెట్టి కొంగులో దోపుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను బ్యాగు భుజాన వేసుకుని మళ్ళీ ఫారానికే వెళ్ళాను. ఆ ఉద్యోగం ఇంకో ఏడాది చేశాను. వారం ఇంజెక్షన్లకి ఆ పిల్లకి తగ్గింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. నేను ఇంట్లో లేని సమయం చూసి పసిదాన్ని మా ఆవిడకి చూపించడానికి తెచ్చారట. ఒక రోజు మెట్ల మీద ఎదురుపడ్డాం. ఆవిడ మనవరాల్ని భుజాన వేసుకుని ఉంది. ఎలా ఉందమ్మా పాప అని అడిగాను.

"మంచిగున్నది. జర పక్కకు జరుగుండ్రి సార్, పోవాలె" అంది.