ఆ పాటల్లో లేని మనిషి

పొలాలు పోగొట్టుకున్న అమెరికా రైతుల గురించి పాడే ఒక రాక్ గాయకుడి మూడు పాత ఆల్బమ్‌లంటే కాలేజీ రోజుల నుంచీ నాకు ప్రాణం. ఎవరైనా వాటిని గోల అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న దర్శి దగ్గర మా కల్లంలో కూలీలు మిరపకాయల్లోంచి తాలు ఏరుతుంటే ఫోన్‌లో ఆ పాటలే పెట్టాను. నా చిన్నప్పటి నుంచీ మాకు పనికొచ్చే పెద్దామె, "ఏందయ్యా, అంతలా అరుస్తన్నాడు?" అంది. నాకు హుషారొచ్చింది. తాతల నాటి పొలం వేలంలో పోతుంటే చేతులు కట్టుకుని చూసిన రైతు కథ అది. చరణం చరణానికీ అర్థం చెప్పాను. ఇలా రాసే మొనగాడు మనకు లేడని కూడా అన్నాను.

ఆమె తాలుకాయను పక్కన పడేసి, "పొలం గలాయన సంగతి బానే పాడాడు. ఆ పొలానికి మందు కొట్టినోడి సంగతేమన్నా పాడాడా?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె మళ్ళీ కాయల మీదికి వంగింది.

ఆమె భర్త మా పత్తికి పురుగుమందు కొడుతూ గట్టు మీద పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఆ రోజు నేనూ చేలోనే ఉన్నాను.

ఫోన్ ఆపేశాను. ఆ మూడు ఆల్బమ్‌లలో ప్రతి పాటా నాకు కంఠతా వచ్చు. ఆమె భర్త పేరు మాత్రం ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు.