సంగప్ప కుడికాలు

ముత్తంగిలో ఆ వాడకట్టున సంగప్ప గురక ఎరగని ఇల్లు లేదు. కొత్తగా దిగిన కిరాయిదారులు తెల్లారి మొదట అడిగే మాట, "రాత్రంతా ఆగకుండా నడిచిన లారీ ఎవరిది?" అని. ఆ మోత భరించలేక కౌసల్య ఎప్పుడో చాప చంకన పెట్టుకుని వంటింట్లోకి మారిపోయింది. భర్త మీద ఆమెకు కోపం లేదు, నిద్ర కావాలి, అంతే. సంగప్ప అడ్డు చెప్పలేకపోయాడు గానీ, పక్కన మనిషి లేని మంచం అతనికి ఏనాడూ నచ్చలేదు.

పటాన్‌చెరులో డబ్బాల మూతలు చేసే కంపెనీలో అతను ప్రెస్సు నడిపేవాడు. చేత్తో రేకు పెట్టాలి, కుడికాలితో పెడలు తొక్కాలి. ఏళ్ల తరబడి అదే పని. రెండు వేల ఏడులో ఒక మధ్యాహ్నం, రేకు చేతిలో ఉండగానే కునుకు పట్టింది. వేళ్లు దక్కడం అతని అదృష్టం. సూపర్‌వైజరు ఆ వారమే డాక్టరు దగ్గరికి తోలాడు. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందని డాక్టరు తేల్చి, ముక్కుకు తొడుగు పెట్టి గాలి పంపే మిషను ఇప్పించాడు.

దాంతో గురక ఆగింది. వాడకట్టంతా హాయిగా నిద్రపోయింది. కౌసల్య చాప చుట్టి మూలన పెట్టి, మంచం మీదికి తిరిగొచ్చింది. సంగప్ప సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రం గడ్డం కూడా గీసుకున్నాడు.

తెల్లారి ఆమె కుంటుకుంటూ చాయ్ తెచ్చింది.

"ఏమైందే?"

"నిద్రల గూడ ప్రెస్సు నడుపుతున్నవా ఏంది? ఒకటే తొక్కుడు." కమిలిన పిక్క చూపించింది.

మర్నాడూ అదే, ఆ పైనా అదే. మూలనున్న చాపను చూసినప్పుడల్లా సంగప్పకు గుబులు. పని అలవాటు కాలికి ఎక్కిందని మొగుడూ పెళ్లాం ఖాయం చేసుకున్నారు. ఆ అలవాటు వదిలించాలని అతను ఎడమకాలితో పెడలు తొక్కడం మొదలుపెట్టాడు. మూతలు వంకరగా తెగాయి, సూపర్‌వైజరు తిట్టాడు, ఎడమ మోకాలు వాచింది. పక్క ప్రెస్సు యాదన్న "నడక నేర్సుకుంటున్నవా అన్నా?" అని నవ్వాడు. రాత్రిపూట కుడికాలు మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది.

ఇక తప్పంతా మిషనుదే అనిపించింది. దాన్ని సంచిలో వేసుకుపోయి డాక్టరు బల్ల మీద పెట్టాడు. "వాపస్ తీస్కోండ్రి సార్. ఊపిరి ఇచ్చింది గని, ఇల్లు ఆగం చేస్తున్నది."

డాక్టరు ఓపిగ్గా విన్నాడు. "ప్రెస్సు తప్పూ కాదు, మిషను తప్పూ కాదు. ఊపిరి కుదుటపడ్డాక కొందరికి ఇట్లా బయటపడుతుంది. ఇదివరకూ తన్నే ఉంటావు, పక్కన మనిషి ఉంటేగా తెలిసేది" అన్నాడు.

ఆ మాట సంగప్పకు గుచ్చుకుంది. రక్తం పరీక్షిస్తే ఒంట్లో ఇనుము తక్కువని, కాలి తన్నులకు అదీ ఒక కారణమని తేలింది.

"పొద్దంత ఇనుము నడుమనే ఉంట గద సార్" అన్నాడు అమాయకంగా.

డాక్టరు మాత్రలు రాసి, మిషను మానొద్దన్నాడు, ఇనుము ఒంటికి పట్టనివ్వదు కాబట్టి అన్నం తిన్న వెంటనే చాయ్ తాగొద్దన్నాడు. ఆ చాయ్ మానడమే సంగప్పకు ప్రాణం మీదికొచ్చింది. అయినా మానాడు. నెలలు గడిచేసరికి తన్నులు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఒక ఆదివారం పొద్దున లేచేసరికి మూలన చాప లేదు. సంగప్ప గబగబా లోపలికి పోయాడు. వంటింట్లో చూశాడు, అక్కడా లేదు. వాకిట్లోకొస్తే, చాప ఎండలో పరిచి ఉంది, దాని నిండా మిరపకాయలు. కౌసల్య వాటిని చేత్తో నెరుపుతోంది.

"చాప ఖరాబైతది గదనే. రేపు మల్ల తన్నితే ఎట్ల?"

ఆమె తల ఎత్తలేదు. "తన్నులు అలవాటైనయి. ఒక్కదాన్నే పండుడే, ఇన్నేండ్లయినా అలవాటు కాలే."