చేనులో ముగ్గు పోసిన కళాశాల

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం నేను ప్రొద్దుటూరులో గణితోపన్యాసకుడిని. మా కళాశాలలో అప్పటికి ఇంటర్మీడియట్ వరకే ఉండేది. అది నడిచేది అద్దెకు తీసుకున్న పాత పత్తి గోదాములో. గోడలకు కిటికీలు లేవు. పైకప్పు దగ్గర గాలికంతలు మాత్రం ఉండేవి. మధ్యలో తడికెలు కట్టి గదులు చేశాము. తడికెకు అవతల చరిత్ర పాఠం జరుగుతుంటే ఇవతల నా విద్యార్థులు సమీకరణాలు వదలి యుద్ధాలు వినేవారు. గాలి వీచిన రోజున దూలాల మీది దూది రాలి పుస్తకాలపై పడేది.

డిగ్రీ తరగతులు కావాలంటే సొంత స్థలమూ కట్టడపు నమూనా చూపాలని విశ్వవిద్యాలయం వ్రాసింది. పరిశీలక సంఘం శ్రావణంలో వస్తుంది. అప్పుడు అనుమతి వస్తేనే వచ్చే వేసవి తరువాత డిగ్రీ తరగతులు మొదలవుతాయి. రాకపోతే మరొక సంవత్సరం ఆగవలసిందే.

అలా ఆగలేని విద్యార్థిని ఒకతె నా తరగతిలో ఉండేది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. జమ్మలమడుగు నుండి రోజూ బస్సులో వచ్చేది. నేను లెక్క వేసిన దారి కాక వేరొక దారి ఉందేమోనని వెదకే విద్యార్థి ఆ తరగతి మొత్తంలో ఆమె ఒక్కతే. ఆమె తండ్రి క్రైస్తవ మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. ఆయన నాతో దాపరికం లేకుండా చెప్పాడు.

"పొద్దుటూరు వరకైతే సదివిస్తా సార్. పొద్దన పోయి సాయంత్రానికి ఇంటికొస్తాది. అనంతపురం, హాస్టలు అంటే మాత్రం నాతో కాదు. టీచరు ట్రైనింగు స్కూల్లో సీటిప్పిస్తానని మా మిషన్ దొరసానమ్మ మాటిచ్చింది. ఈడ డిగ్రీ రాకుంటే, ఇంటరు కాంగానే ఆడికే పంపిస్తా."

స్థలం ఇస్తానన్నది ఊళ్లోని ఒక నూనెమిల్లు యజమాని. ఊరి పడమట ఆయనకు ఎర్రనేల చేను ఉంది. దానపత్రం పరిశీలనకు ముందే వ్రాసిస్తానన్నాడు. నమూనా తయారు చేసే పనిని ప్రిన్సిపాలు నాకు అప్పగించాడు. జిల్లా ఇంజనీరు కార్యాలయంలో దొరికే నమూనాను తెచ్చుకోవచ్చును. కాని లోపల కూర్చునేవారినీ నిలబడి చెప్పేవారినీ అడగకుండా గదులు చేసిన గోదాములో రెండేళ్లు దగ్గాము గనుక, ఈసారి అందరినీ అడిగి గీద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

అడిగాము. తన గది వాసన తరగతులవైపు పోకుండా గాలివాలుకు ఉండాలన్నాడు రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు. పడమటి జల్లు పుస్తకాలపై పడరాదన్నాడు గ్రంథాలయ గుమాస్తా. బస్సులో వచ్చే పిల్లలు సద్దిమూటలు విప్పుకొని కూర్చునేందుకు నీడ అడిగారు. తరగతిలోని ముగ్గురు ఆడపిల్లలు అప్పటివరకు బీరువా వెనుక కూర్చొని తినేవారు. తమ గది ఒక మూలన కాక నడవలో ఉండాలనీ, తలుపు నడవలోకే తెరుచుకోవాలనీ జమ్మలమడుగు అమ్మాయి చెప్పింది. "మూలన పెడితే ఆ దారిన నడిచేటప్పుడు అందరూ చూస్తారు సార్" అన్నది.

అన్నీ కలిపి కాగితంపై గీశాను. ముప్పైమంది చుట్టూ చేరి చూశారు. ఒక్కరికీ అర్థం కాలేదు. ఇరవై అడుగుల వెడల్పు అంటే ఎంతో కాగితం చెప్పలేదు. వెనుక వరుసలోని ఒక విద్యార్థి, "చేన్లోనే గీసి, లోపల నిలబడి చూద్దాం సార్" అన్నాడు. అందరికీ అది నచ్చింది. నాకూ నచ్చింది.

ఆషాఢ శుద్ధ దశమినాడు మధ్యాహ్నం చేనికి వెళ్లి, తాళ్లు పట్టి, సున్నపుపొడితో గోడలన్నీ గీశాము. నిజమైన కొలతలకే గీశాము. చరిత్ర మాస్టరు ఒక కొసన నిలబడి పాఠం చదివాడు. రెండో కొసన వినిపించనివారు చేతులెత్తారు. ఆ గదిని ఆరడుగులు కుదించాము. మూడు గంటల ఎండ ఎక్కడ పడుతుందో చూసి నల్లబల్ల గోడను మార్చాము. నా ఉద్యోగజీవితంలో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం మరొకటి లేదు.

మరునాడు తొలి ఏకాదశి. గుడికి బయలుదేరిన జనం ఆ దారినే పోయారు. ఎర్రనేలపై తెల్లటి ముగ్గు అందరికీ కనబడింది. మా ప్రాంతంలో కట్టడానికి ముగ్గు పోయడమంటే పని మొదలైందనే అర్థం. ఆషాఢం శూన్యమాసం, ఆ నెలలో ఎవరూ ముగ్గు పోయరు. నేను అర్చకుల ఇంట పుట్టినవాణ్ణి. అది తెలియక కాదు. శంకువు నాటలేదు, గడ్డపార తగలలేదు, మంత్రం చదవలేదు. కనుక అది శంకుస్థాపన కాదు, కొలత మాత్రమే అని నా లెక్క. ఊరి లెక్క వేరు. సాయంత్రానికి మిల్లు యజమాని కబురు పంపితే వెళ్లాను.

"ఏంది సారూ ఇది? శూన్యమాసంలో నా చేన్లో ముగ్గు పోస్తారా?"

"అది కొలతకు పోసింది మాత్రమే" అన్నాను.

"ముగ్గు ఇంగ దేనికి పోస్తారు సారూ? కొలతకే గదా పోసేది!" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా ఇంట్లో ఆడమనిషికి ఒళ్లు బాగలేదు. ఇప్పుడు ఆ నేలను దానమిస్తే దోషాన్ని దానమిచ్చినట్లే. నేను సంతకం పెట్టను."

ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. "మాకు ఆషాఢం లేదు సార్" అన్నది. "మా నాయనకు చెప్తే నవ్వుతాడు. నవ్వి, దొరసానమ్మకు జాబు రాస్తాడు."

వేరే స్థలం కోసం నాలుగిళ్లకు తిరిగాను. ఎవరూ ఇవ్వలేదు. మిల్లు యజమాని ఎవరి మాటైనా వింటే పులివెందులలో ఉన్న తన అక్కమొగుడి మాట వింటాడని తెలిసి, ఆదివారం బస్సెక్కాను. ఆయన శాస్త్రం తెలిసిన పెద్దరైతు. అరుగుపై కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, చెప్పినదంతా విన్నాడు.

"మా బామ్మర్ది శానా భయస్తుడు సామీ. పిల్లి ఎదురొస్తే మిల్లు మూసేస్తాడు. మీరేం దిగులు పడొద్దు. దీనికి దోవుంది."

నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఆ నేలను దున్ని, విత్తనమేసి, ఒక పంట తీయమని చెప్తా. పంట తీసినాక నేలకు ఏ దోషముండదు. కార్తీకంలో మీకే రాసిస్తాడు. నా మాట వాడు తీసెయ్యడు."

"శ్రావణంలో పరిశీలకులు వస్తారు. అప్పటికి స్థలం మాదని చూపాలి" అన్నాను.

"వాళ్లనూ కార్తీకంలో రమ్మనండి సామీ. రాజుపాలెంలో మావోళ్ల పెండ్లే మూడునెల్లు ఆగింది, కాలేజీ ఆగలేదా?"

ఎంత చెప్పినా ఆయనకు అందులో తొందర కనబడలేదు. నేను కోరిన సాయం చేశానన్న తృప్తితో బస్సు దాకా మనిషిని తోడు పంపాడు. రెండు రోజులకు వాన పడింది. మూడో రోజున నేను చేనికి వెళ్లేసరికి మూడు జతల ఎద్దులు గ్రంథాలయం మీదుగా నడుస్తున్నాయి. వెనుక ఆడకూలీలు వేరుశనగ విత్తుతున్నారు. సేద్యగాడు నన్ను గుర్తుపట్టి, "పక్కకు రాండి సారూ, సాలు మీదికి వస్తాండాది" అన్నాడు.

పరిశీలక సంఘానికి గడువు కోరుతూ ప్రిన్సిపాలు వ్రాశాడు, జవాబు రాలేదు. అనుకున్న రోజునే ముగ్గురు పెద్దమనుషులు కారులో వచ్చారు. మాకు చూపడానికి మరేదీ లేక చేనికే తీసుకుపోయాము. విద్యార్థులూ వెంట వచ్చారు. నమూనా కాగితాన్ని గట్టుపై పరిచి, ఏ గది ఎక్కడ వస్తుందో చేయి చాచి చెప్పాను. వారు చూసింది జానెడు ఎత్తు మొలకలను. నా గొంతు నాకే అబద్ధమాడుతున్నట్టు వినిపించింది.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పులు గట్టున విడిచి, తడి సాళ్లలోకి నడిచింది. కొంతదూరం పోయి ఆగి, ఇటు తిరిగింది. "ఇది ఆడపిల్లల గది తలుపు సార్!" అని అరిచింది. ఆమె వెనుక మరికొందరు దిగి, తమ తమ గదుల మూలల్లో నిలబడ్డారు. ఆమె నిలిచిన చోటు సరైనదే.

"ఓ పాపా! మొలకలు తొక్కుతాండావే! కండ్లు యాడ పెట్టుకున్నావు? బయటికి రా!" అని కావలి మనిషి కట్టె పట్టుకొని పరుగెత్తి వచ్చాడు.

సంఘం అధ్యక్షుడు మంచి మనిషి. కాగితాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత శ్రద్ధగా గీసిన నమూనా నేను చూడలేదు. కాని దీనికి నేల ఏదీ?" అని అడిగాడు.

ఆ సంవత్సరం అనుమతి లేదని భాద్రపదంలో తెలిసింది. నేను జమ్మలమడుగు వెళ్లి, ఇంటర్ అయ్యాక ఒక్క సంవత్సరం ఆగమని ఆమె తండ్రిని వేడుకున్నాను. ఆదివారాలు వచ్చి పాఠం చెబుతానన్నాను. "ఆదివారం మాకు గుడి సార్" అన్నాడాయన. మళ్లీ, నన్ను నొప్పించానేమోనని, "వచ్చే ఏడు సీటు వదులుకుంటే మళ్ల ఇయ్యరు. నాకింకా ముగ్గురుండారు" అన్నాడు. ఆమె కాఫీ లోటా తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లింది.

కార్తీకంలో పంట వచ్చింది. మిల్లు యజమాని మాట తప్పలేదు. ఒక బుధవారం నా తరగతి జరుగుతుండగా, గంపెడు పచ్చికాయలు మనిషితో మోయించుకొని తానే వచ్చాడు.

"పంట శానా బాగొచ్చింది సారూ. ఇంట్లో ఆమె లేచి తిరుగుతాంది. రేపు రిజిస్ట్రారాఫీసుకు పోదాం రాండి, రాసిచ్చేస్తా. మీ చేన్లోవే ఈ కాయలు. పిల్లోళ్లకు పెట్టండి."

అందరి చేతుల్లో దోసెడేసి పోశాడు. ఆ అమ్మాయి కూడా పుచ్చుకొని, పుస్తకంపై పెట్టుకొని, ఒక్కొక్కటే ఒలుచుకొని తినసాగింది. నల్లబల్లపై లెక్క సగంలో ఉంది. మిగతా సగం ఆమె పరీక్షకు అవసరం గనుక పూర్తి చేశాను.

మరునాడు దానపత్రానికి సాక్షిగా నేనే సంతకం చేశాను.