గిన్నల్లుడు, మామగారి మోటారు

పెళ్ళయిన కొత్తలోనే వెల్డరుకి అత్తవారింట్లో ఓ పేరు స్థిరపడిపోయింది. అత్తగారి అల్యూమినియం గిన్నెకి పిడి ఊడితే, "ఇంతోటి దానికి బజారెందుకు అత్తయ్యా, నేను లేనూ?" అంటూ ఛాతీ విరుచుకుని మంట పెట్టాడు. ఇనుమైతే కరిగే ముందు ఎర్రబడి కబురు చేస్తుంది. అల్యూమినియానికి ఆ మర్యాద తెలీదు. తెల్లగా, అమాయకంగా ఉన్నట్టే ఉండి, గభాలున సగం గిన్నె నేల మీదికి జారిపోయింది. ఆ పూట నుంచి రేవులో మామగారి తోటి పడవలవాళ్ళందరికీ అతను గిన్నల్లుడే.

ఆ కచ్చతోనే వేరే షాపులో చేరి, అడ్డమైన చాకిరీ చేసి, అల్యూమినియం అతకడం నేర్చుకొచ్చాడు. సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఏం లాభం? అత్తవారి వైపు నుంచి ఒక్క చెంచా కూడా రాలేదు.

చివరికి ఒక పని వచ్చిందంటే అది మామగారి పడవ రాయికి కొట్టుకోబట్టి. ఆయన పడవలో జనాన్ని అవతలి ఒడ్డుకి చేరవేస్తాడు. మోటారుకి నీళ్ళలో దిగే కాలు ఒకటుంటుంది, దాని అల్యూమినియం తొడుగు బీటలు వారింది. మిగతా షాపులన్నీ పెదవి విరిచాక, వేరే గతిలేక, ఆ తొడుగుని చంకన పెట్టుకుని అల్లుడి షెడ్డుకొచ్చాడు పెద్దాయన.

"చెయ్యగలవా?" అన్నాడు, చెయ్యలేవులే అన్న గొంతుతో.

"చూస్తూ ఉండండి మామయ్యా," అన్నాడు అల్లుడు. ఇది కూడా జారిపోతే, ఇక ఈ జన్మకి గిన్నె వదలదు.

బీట ఇంకా సాగకుండా దాని చివర చిన్న రంధ్రం వేశాడు. బీటని గాడిలా తవ్వాడు. ఏళ్ళ తరబడి లోహంలో ఇంకిన నూనెనంతా కడిగి, బ్రష్షుతో రుద్ది రుద్ది, చెయ్యి పడిపోయాక భోజనానికి లేచాడు. అక్కడే పొరపాటు జరిగింది.

ఎందుకంటే మామగారు ఎవరింటికెళ్ళినా కాఫీ వచ్చేలోపు వాళ్ళ తలుపు బందులకి గ్రీజు పెట్టే మనిషి. జేబులో డబ్బా లేకుండా గడప దాటడు. పొడిగా ఉన్న లోహాన్ని చూస్తే ఆయనకి ప్రాణం ఉసూరుమంటుంది.

తిరిగొచ్చి అల్లుడు వెల్డింగు మొదలుపెట్టగానే చిటపటలు, పొగ, నల్లటి నురగ. అతుకంతా చిల్లులు. గభాలున వెల్డింగు ఆపేశాడు.

మామగారు గొంతు సవరించుకుని, "గిన్నె..." అని మొదలుపెట్టాడు.

చల్లారాక, అతని వెనకే వచ్చిన భార్య వంగి వాసన చూసింది. "ఏమండీ, ఇది మా నాన్న చొక్కా వాసన!"

పెద్దాయన షెడ్డు పైకప్పుని శ్రద్ధగా పరిశీలించసాగాడు. "మరీ పొడిగా కనిపించింది. చూడబుద్ధి కాక, ఓ వేలెడు రాశానంతే."

అల్లుడికి ఒళ్ళు మండాల్సిన మాట అది. కానీ తప్పు తన చేతిది కాదని తెలిసిన ఆనందంలో ముసలాయన్ని వాటేసుకోబోయి ఆగాడు.

"ముందు చేతులు కడుక్కోండి మామయ్యా," అని సబ్బు అందించాడు.

చెడిన అతుకంతా తవ్వేసి మళ్ళీ మొదటినుంచీ శుభ్రం చేశాడు. అదే సబ్బుతో తొడుగు మీద ఓ గీత గీసి, కింద నుంచి సన్నగా వేడి పెట్టాడు. "ఈ గీత నల్లబడితే వేడి సరిపోయినట్టు, వెంటనే చెప్పండి. కదలకండి, ఏదీ ముట్టుకోకండి."

మామగారు కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. "నల్లబడింది అల్లుడూ! నల్లబడింది!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. ఈసారి అతుకు చేప పొలుసుల్లా వరసగా పడింది. మంటకి కాలని దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లారనిచ్చారు.

మోటారు నీళ్ళలో దిగగానే రేవులో పడవలవాళ్ళంతా చుట్టూ మూగి, అతుకులోంచి నూనె కారి పైకి తేలుతుందేమోనని మెడలు సాచారు. చుక్క తేలలేదు.

"ఎవరు చేశారు?" అన్నాడొకడు.

"ఇంకెవరు, మా గిన్నల్లుడు!" అన్నాడు మామగారు, బిరుదు చదివినట్టు. ఇక ఈ పేరు పోయేది కాదని అల్లుడికి అప్పుడే అర్థమైపోయింది.

మర్నాడు అత్తగారు గుడ్డ మూటతో షెడ్డుకొచ్చింది, వెనకాల మామగారు. మూట విప్పితే ఆ గిన్నె. సగం గిన్నె, విడిగా పిడి, నేల మీద గడ్డకట్టిన ముద్ద కూడా.

"ఇంకా పారెయ్యలేదా అత్తయ్యా?"

"ఎందుకు పారేస్తాను బాబూ? నీకు పని వచ్చేదాకా అటక మీద ఉండనీ అనుకున్నాను."

ఇన్నేళ్ళూ తన మీద నమ్మకం ఆ అటక మీద కూర్చుని ఉందన్నమాట. పైగా అంత పల్చటి గిన్నె ముందు మోటారు తొడుగు ఓ లెక్కా!

"ఏమేవ్, సబ్బు పట్రా!" అని లోపలికి కేకేశాడు.

"తెస్తున్నా," అంది భార్య. "మీరు ముందు నాన్న జేబులో డబ్బా లాక్కోండి."